ఖోర్ ఫక్కాన్ దారిలో, ఒక సంతకం కోసం

"రెండేండ్లు పని చెయ్యి. ఆ తర్వాత నేనే నిన్ను విమానమెక్కించి పంపిస్త, మంచిగ డిగ్రీ సదువుకో." 1979లో బొంబాయిలోని ఒక లాడ్జిలో వీసా కాగితం నా చేతిలో పెడుతూ మా అక్క భర్త రాజలింగం బావ అన్న మాట ఇది. నేను ఇంటర్‌లో జంతుశాస్త్రం చదివాను. బీఎస్సీ చేసి పిల్లలకు పాఠం చెప్పాలన్న ఆశ తప్ప నాకు వేరే ఆశ లేదు. రెండేళ్లు కాస్తా అయిదేళ్లయ్యాయి. బావ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. 1984 ఆగస్టులో మా లెక్చరరుగారు ఉత్తరం రాశారు. నెలాఖరులోగా వచ్చి చేరితే సీటు ఉంటుందని, ఇదే ఆఖరి అవకాశమని. ఆ శుక్రవారమే నేను ఖోర్ ఫక్కాన్‌కు బయలుదేరాను.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. అందరి పాస్‌పోర్టులూ ముదీర్, అంటే మేనేజరు, బీరువాలో ఉండేవి. సెలవు మీద ఊరికి వెళ్లాలంటే, అదే కంపెనీలో పనిచేసే పాతమనిషి ఒకడు జామీను సంతకం పెట్టాలి. వెళ్లినవాడు తిరిగి వచ్చేదాకా జామీనుదారు దేశం దాటడానికి వీల్లేదు. నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని వర్క్‌షాపులో స్టోరు చూసేవాణ్ణి, బావ ఖోర్ ఫక్కాన్ రేవులో మా కంపెనీకే ఫోర్‌మన్. నన్ను తీసుకొచ్చినవాడు ఆయనే కనుక ఆయన సంతకమే చెల్లుతుంది. కాగితం జేబులో పెట్టుకుని, తెల్లవారుజామున అయిదింటికి దుబాయి నైఫ్ పేటలోని నా గదినుంచి దిగాను.

పికప్ నడిపే మస్తాన్‌ది కడప జిల్లా. మ్లీహాలో ఒక తోటకు నీటి పంపు దించి, అటునుంచి తూర్పు తీరానికి వెళుతున్నాడు. పెట్రోలుకు ఇరవై దిర్హాములిచ్చి పక్కన కూర్చున్నాను. ధైద్ దాటి దక్షిణంగా తిరిగితే ఎర్ర ఇసుకలోంచి సున్నపురాతి గుట్టలు లేస్తాయి. ఆరున్నరకు అక్కడికి చేరాం. పంపు దించేలోపు నేను గుట్ట ఎక్కాను. రాతినిండా గవ్వలు, నత్తలు, ముళ్లు రాలిపోయిన సముద్రపు జీవులు, అన్నీ రాయిగా మారి ఉన్నాయి.

"మల్లేశన్నా, శుక్రారం పూట రాళ్లేరుకుంటాండావేంది? ఈ గవ్వ ఈడికెట్టొచ్చె, నడ్సుకుంటా వచ్చిందా?"

"సముద్రమే ఒకప్పుడు ఇక్కడుండేది మస్తాన్ భాయ్."

"మరి యాడికి పాయె? వీసా ఖలాసయిందా?"

నవ్వాను. అయిదేళ్లలో అంత గట్టిగా నవ్వింది అప్పుడే అనుకుంటాను.

ఇప్పుడు వ్యక్తిత్వ వికాసం పేరిట ఉపన్యాసాలిచ్చేవాళ్లు పరిణామం అంటే ఎదుగుదల అని చెబుతుంటారు. వాళ్లలో ఒక్కడు కూడా ఒక్క పుస్తకం పూర్తిగా చదివి ఉండడు. చీకటి గుహల్లో బతికే చేపలకు కళ్లు పోవడం కూడా పరిణామమే. పాముకు కాళ్లు పోవడమూ అంతే. చుట్టూ ఉన్నదానికి సరిపడినవి మిగులుతాయి, సరిపడనివి పోతాయి. అందులో పైకి పోయే మెట్లేమీ లేవు. ఆ గుట్ట మీద నిలబడి నాకు తోచింది ఒక్కటే. నేను కూడా స్టోరు చీకటికి సరిపోతున్నాను. నట్లూ బోల్టులూ చూడకుండా వేళ్లతోనే గుర్తుపడుతున్నాను. కప్ప గుండెకు ఎన్ని గదులో చెప్పడానికి మాత్రం ఆ ఉదయం కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

మసాఫీలో చాయ్ తాగి రొట్టె తిన్నాం, ఇద్దరికీ మూడు దిర్హాములు. అక్కడినుంచి కొండల మధ్య ఫుజైరాకు దిగి, తీరం వెంట ఉత్తరానికి వెళితే ఖోర్ ఫక్కాన్. పదింటికి బావ గది ముందున్నాను. ఆయన నేలమీద కూర్చుని అరబ్బుల ఖుబ్జు రొట్టెను పచ్చిపులుసులో ముంచుకుని తింటున్నాడు. "రారా మల్లేశా, యల్లా, కూసో" అన్నాడు, మధ్యలో అరబ్బీ మాట కలిపి. అయిదేళ్ల కిందట ఆ రొట్టె వాసనకే మొహం తిప్పుకున్న మనిషి.

కాగితం ముందు పెట్టాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, దాన్ని చాలాసేపు చూశాడు.

"నా సంతకం చెల్లదురా" అన్నాడు. "ఒక్కలకు ఒక్కలే జామీను. నాది ఎప్పుడో ఒకనికి పెట్టిన."

"ఎవరికి పెట్టినవ్ బావా?"

"పోశెట్టని, ఈ గదిలనే నా పక్క మంచం. ఎనభై రెండుల తల్లికి బాగలేదని ఏడ్చిండు. పిల్లల మీద ఒట్టేసిండు. పెట్టిన. పోయినోడు మల్ల రాలే."

అప్పుడు నాకు అర్థమైంది. బావ మూడున్నరేళ్లుగా ఊరికి వెళ్లలేదు. కూతురు పుట్టి మూడేళ్లు కావస్తున్నా ముఖం చూడలేదు. ఓవర్‌టైం రుచి మరిగి రావడం లేదని మా ఇంట్లో అందరం అనుకున్నాం. ఇక్కడినుంచి నేనే ఉత్తరం రాసి, ఆ మాట మా అక్క చేత బావకు రాయించాను.

"ఇంట్ల చెప్పలేదేంది?"

"ఏమని చెప్పాలె? ఎవడో ఏడిస్తె సంతకం పెట్టి ఈడ ఇరుక్కున్ననని చెప్పాల్నా? మీ అక్క నవ్వదా?" కాగితాన్ని మడిచి నా జేబులో పెట్టాడు. "ఒక్కటడుగుత, నిజం చెప్పు. నేను పెడితే తిరిగొస్తుంటివా?"

సెలవు రెండు నెలలు. బీఎస్సీ మూడేళ్లు. తిరిగొచ్చే లెక్క అందులో లేదు.

"తిను" అన్నాడు, రొట్టె నా వైపు జరిపి.

సీటు పోయింది. నేను ఇంకో పదకొండేళ్లు, కంపెనీ ఉన్నన్నాళ్లు అదే స్టోరులో, తర్వాత వేరే కంపెనీ స్టోరులో ఉన్నాను. దుబాయి దేరాలో పాత పుస్తకాలు అమ్మే కొట్లలో దొరికిన ప్రతి జీవశాస్త్ర గ్రంథమూ చదివాను. చదువు పెరిగింది, మనిషిగా నేను పెరగలేదు. ఇప్పుడా దారి నున్నగా ఉంది, సొరంగాలు తొలిచారు. మీరు వెళ్లేట్లయితే పాతదారిన ధైద్, మ్లీహా మీదుగానే వెళ్లండి. వేసవిలో ఏడు గంటల లోపే గుట్ట ఎక్కి దిగేయండి, తర్వాత రాయి మీద చెయ్యి పెట్టలేరు.

బావ చివరికి 1987లో, కంపెనీ మూతపడి బీరువా తెరిచాక ఇల్లు చేరాడు. ఆయనను తిట్టుకోవడం నేను ఆయన బతికుండగానే మానేశాను. కానీ నేను చేయబోయిన పనినే నాకంటే రెండేళ్లు ముందు చేసేసి, నాకు దారి లేకుండా చేసినవాడొకడున్నాడు. వాడి ముఖం నేనెప్పుడూ చూడలేదు. వాడి తల్లికి నిజంగానే బాగాలేదేమో, అదీ తెలియదు. ఈ వయసులో కూడా వాణ్ణి క్షమించలేకపోతున్నాను. వాడు పోశెట్టి.