పుస్తకాల వీపులు తోమిన శుక్రవారం

ఆ రోజుల్లో నాకు శుభ్రమంటే తోమడమే. అంట్లయినా, అరుగైనా, పిల్లలైనా తోమితేనే శుభ్రం. అందుకే రేపల్లె లైబ్రరీలో ఊడ్చే పని దొరికిన కొత్తలో పుస్తకాలనూ తోమాను. (నవ్వకండి. సంతకం తప్ప నాకు రాత రాదు. ఇది కూడా నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.) మా ఆయన పోయి ఏడాది కాలేదు, నాకు ఇరవై రెండేళ్లు, చంకలో పిల్ల. ఆ పని పోతే మా పొయ్యి వెలగదు. సోమవారం తనిఖీకి అధికారి వస్తాడని లైబ్రరీ చూసుకునే మా సారు కంగారు పడుతుంటే, శుక్రవారం సెలవు కదా అని తాళం తీసుకుని ఒక్కదాన్నే వెళ్లాను. ప్రతి పుస్తకం వీపు మీదా మాసిన కాగితం ముక్క అంటుకుని ఉంది. తడిగుడ్డ పెట్టి, గోటితో గీకి, ఒక్కటి మిగలకుండా ఊడబెరికాను. పుస్తకాలను పొడుగు ప్రకారం తిరిగి సర్దేసి, ఇంటికెళ్లి కంటినిండా నిద్రపోయాను.

శనివారం పొద్దున మా సారు బీరువా తెరిచారు.

"ఏంటమ్మాయ్ ఇది? చీటీలేవి?"

"మురికి పట్టాయని గీకేశానండి. చెత్త కూడా పారబోశాను."

"అవి మురికి కాదమ్మా! ఏ పుస్తకం ఎక్కడుండాలో ఆ నంబరే చెప్పాలి!" అని కుర్చీలో కూలబడ్డారు. తిడితే బావుండేది. తిట్టకుండా, సాయం రమ్మని తోటి లైబ్రరీల వాళ్లకు తెనాలి వెళ్లే రైల్లో ఎవరి చేతో కబురు పంపారు.

ఆదివారం మొదటి బండికే ఇద్దరు దిగారు. ఒకరు బాపట్ల లైబ్రరీ అమ్మగారు. మడత నలగని చీర, పదునైన నోరు. రెండోవారు తెనాలి లైబ్రరీ సారు, సముద్రం మీద వేటకెళ్లే ఇంట పుట్టి చదువుకున్నాయన. (లైబ్రరీ వాళ్లంటే అందరూ మా సారులా గొణుక్కునే కళ్లజోడు మనుషులే అనుకునేదాన్ని.)

"ఈ పిల్లేనా? మా ఊళ్లో చెదలు కూడా ఇంత పని చేయలేదు!" అన్నారు అమ్మగారు.

"పోనీండి, చెల్లెమ్మది గట్టి చెయ్యే," అన్నారు తెనాలి సారు. "ముందు జిగురు కాయమ్మా."

గిన్నెల కొద్దీ మైదా జిగురు కాచాను. మా సారు అట్ట చూసి, రిజిస్టరు తెరవకుండానే నంబరు చెప్పేవారు (సొంత పిల్లల పుట్టినరోజులు మాత్రం ఆయనకు గుర్తుండవట). అమ్మగారు ముత్యాల్లాంటి అంకెలు రాసేవారు. తెనాలి సారు అంటించేవారు. చిరిగిన పుస్తకం దొరికితే, వల అల్లిన వేళ్లు కదా, అక్కడే కూర్చుని కుట్టేసేవారు. అన్నం మాట ఎవరికీ గుర్తు రాలేదు. నాకు అంకెలు నేర్పింది కూడా ఆ రోజు అమ్మగారే, తిడుతూనే: "తొమ్మిది కాదే, ఆరు! పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావ్!"

సోమవారం అధికారి బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"చీటీలన్నీ కొత్తగా ఉన్నాయే! ఎవరి పని?"

"మా అమ్మాయి శుభ్రం చేసిందండి," అన్నారు మా సారు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

అధికారి తలూపి, "తెనాలిలోనూ బాపట్లలోనూ ఇలాగే మార్పించాలి," అని రాసుకుని వెళ్లిపోయాడు. అమ్మయ్య అనుకుంటూ నేలమీదే చతికిలబడ్డాను. తర్వాత శుక్రవారాలన్నీ సారూ నేనూ జిగురు గిన్నెతో రైలెక్కాం. బాపట్ల అమ్మగారు గుమ్మంలోనే అందుకున్నారు: "రావే తల్లీ, నీ ధర్మమా అని మా పుస్తకాల వీపులూ గీకాలట!"

ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. మనవరాలితో లైబ్రరీకి వెళ్లినప్పుడు, అంచు లేచిన చీటీ కనబడితే నా గోరు దానంతటదే అటు పోతుంది. చటుక్కున ఆపుకుని, బొటనవేలితో నొక్కిపట్టి నిలబడతాను.

"ఏంటి అమ్మమ్మా, ఆ పుస్తకం కావాలా?" అంటుంది పిల్ల.

"కాదే, నంబరు చదువుతున్నా," అంటాను.