సుగుణమ్మ గారి సంతకం

అమెరికాలో మా కౌంటీ భవనంలో హీటరు ఎవరి మాటా వినేది కాదు. ఒక చెవికి చలి, రెండో చెవికి చెమట. ఫిర్యాదు చేస్తే ‘మీ అభిప్రాయం నమోదైంది’ అని జవాబొచ్చేది.

రిటైరవడానికి ముందు నవంబరులో నేనక్కడ ఎన్నికల శాఖలో సంతకాల పరిశీలనకు సూపర్‌వైజర్‌ని. సాఫ్ట్‌వేర్ తర్వాత ప్రశాంతంగా ఉంటుందని చేరిన ఉద్యోగం. మా దగ్గర ఓట్లు పోస్టులో వస్తాయి. కవరు మీది సంతకం, ఓటరుగా నమోదైనప్పటి సంతకంతో కలిస్తేనే కవరు తెరుస్తాం. కలవకపోతే ఉత్తరం వెళ్తుంది. గడువులోగా సరిచేసుకోకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు.

ఆ ఏడాది రాష్ట్రమంతటా ఒక ప్రశ్న మీద ఓటింగు: ఎన్నికైన స్థానిక అధికారుల జీతాలు పెంచాలా, వద్దా? కౌంటీలో ఎన్నికలు జరిపించే మా పై అధికారి, ఆడిటరూ ఎన్నికైన మనిషే. తన జీతం మీద ఓటింగు తనే జరిపించాలి కనుక, ఆవిడ మా గది గుమ్మం దాటడం మానేసింది. పార్టీల పరిశీలకులు మాత్రం మా మెడ మీదే ఊపిరి పీల్చేవారు. లెక్కింపులో అవునూ కాదూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

బాతెల్ అనే ఊరి నుంచి ఒక కవరొచ్చింది. రికార్డులో ఇంగ్లీషు సంతకం. కవరు మీద గుండ్రటి తెలుగులో ‘సుగుణమ్మ’. అది చదవగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. అదేమిటని వెనకనుంచి ఒక పరిశీలకుడు అడిగాడు. పేరేనన్నాను. అయితే ఆమోదిస్తారా అన్నాడు, చాలా మర్యాదగా. మేము పోల్చేది గీతల్ని. పేరు ఎవరైనా రాయగలరు. కవరు పక్కన పెట్టాను, ఉత్తరం పంపాం.

గడువు ఆఖరి రోజుకీ ఆవిడ రాలేదు. ఫోన్ చేసి, కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచండీ, ఒక సంతకం కావాలి అని తెలుగులో మొదలుపెట్టాను.

“కౌంటీల తెలుగోడెందుకుంటడు? సంతకం గావాల్నంట, సంతకం! నా బిడ్డ ముందే చెప్పింది, దొంగలు గిట్లనే ఫోన్ చేస్తరని.” ఫోన్ పెట్టేశారు.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. నన్ను నమ్మొద్దు, ఉత్తరంలో ఉన్న నంబరుకి మీ అమ్మాయితో చేయించండి అని మెసేజ్ వదిలాను. ఆ తర్వాత పని చేస్తున్నట్టు కనిపించడమే నా పని.

కౌంటరు మూసే వేళకు సుగుణమ్మ గారు తడిసిన గొడుగుతో వచ్చారు. కూతురు పార్కింగ్ వెతుకుతోందట. గుర్తింపు కార్డు చూపించి, ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టారు. కవరు లెక్కింపుకి వెళ్లింది. మరి ఓటరుగా నమోదైనప్పుడు ఇంగ్లీషులో ఎందుకు పెట్టారని అడిగాను.

“సిటిజన్‌షిప్ కొత్తల భయానికి పెట్టిన. ఇప్పుడు భయమేంది?” అని, నా పేరుపట్టీ చూశారు. “నువ్వు తెలుగోనివే గద. కవరు మీద నా పేరు సదవలేదా?”

చదివానన్నాను. మనకు తెలిసింది వేరు, మనం చూపించగలిగింది వేరు. ఈ ఉద్యోగం రెండోదానితోనే నడవాలి. ఆ వారం నేను నేర్చుకున్నది అదే, ఆవిడకు చెప్పిందీ అదే. గుమ్మం అవతల నిలబడ్డ ఆడిటర్, భాష తెలియక, ఇద్దర్నీ చూసి నవ్వుతోంది.

“సదువొచ్చి గూడ పక్కన పెట్టినవా? గీ ముచ్చట ముందే తెలిస్తే, జీతాలు పెంచుమని ఓటేద్దునా?”