ఖాదర్ అంకుల్ దాచుకున్న రూపాయి

ఈ ఉదయం సింగపూర్ టోవా పాయో హాకర్ సెంటర్‌లో కాఫీ చెప్పాక చూసుకుంటే ఫోన్ చచ్చిపోయి ఉంది. సంచి అడుగంతా దేవితే దొరికిన చిల్లర ఇరవై సెంట్లు తక్కువ. నా వెనక నిలబడ్డ ఒకావిడ నాణెం తీసి నా వైపు చాపింది. తీసుకుని, కాఫీతో ఒక మూల కూర్చున్నాక అరచేతిలోంచి లోహపు వాసన వచ్చింది. ఈ ఊళ్లో ఇప్పుడు చిల్లర ముట్టుకునేవాళ్లే తక్కువ కాబట్టి ఆ వాసన నా ముక్కుకు తగిలి చాలా కాలమైంది. "నాణేనికి వాసన ఉండదు బేటా. అది నీ చేతి వాసననే. ముట్టుకుంటెనే వస్తది," అనేవారు ఖాదర్ అంకుల్.

ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి. కుర్రతనంలో ఇక్కడికి వచ్చి, సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నేను అద్దెకు దిగిన గది వాళ్ల ఫ్లాట్‌లోదే. అప్పుడు ఆంటీ ఉండేవారు. పిల్లల్లేరు. రెండేళ్లకు ఆంటీ పోతే, ఖాళీ చేసి వెళ్లనా అని అడిగాను. "గది నీది. నువ్వెందుకు పోతవ్?" అన్నారు. అంతే, ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు.

ఒకరి చెయ్యి కింద మన చెయ్యి పెట్టకూడదని మా అమ్మ చెప్పేది. దాన్ని నేను మరీ పట్టుకుని వేలాడాను. తాగిన కప్పు అక్కడికక్కడే కడిగేసేదాన్ని. పండక్కి అంకుల్ బిర్యానీ పెడితే మర్నాడే ఆ గిన్నె నిండా పులిహోర తిరిగి వెళ్లాల్సిందే. "నీకు ఏమన్న పెట్టాల్నంటె భయమైతది. మల్లా మర్నాడు నేను తినాలె," అని నవ్వేవారు. నేను ఉడుక్కునేదాన్ని.

ఆదివారం పొద్దున నాణేల పెట్టె బయటికి వచ్చేది. నాణేలు సేకరించేవాళ్లు సాధారణంగా దేశాల వారీగానో రాజుల వారీగానో పేర్చుకుంటారు. అంకుల్‌కు ఒకటే షరతు. నాణెం పుట్టిన చోట దొరికి ఉండకూడదు. స్పెయిన్ వాళ్ల వెండి డాలరు ఒకటి ఉండేది. సముద్రాలు దాటి వస్తే, వెండి అసలుదేనని చూసుకున్న చైనా వర్తకులు ఒక్కొక్కరూ దాని మీద తమ గుర్తు గుద్దారు. ఆ దెబ్బలకు రాజుగారి ముఖం గిన్నెలా లోపలికి పోయింది. ఆస్ట్రియా రాణి బొమ్మ ఉన్న వెండి నాణెం యెమెన్ ఆడవాళ్ల మెడలో వేలాడి, పైన కొక్కెంతో సహా ఇక్కడికి చేరింది. ఓసారి బాగా అరిగిన రోమన్ నాణెం నా చేతిలో పెట్టారు. చక్రవర్తి తల మీద అడ్డంగా గాటు ఉంది.

"ఎవరు కోశారు అంకుల్?"

"మీ ఒంగోలు తట్టోళ్లే. సముద్రం ఒడ్డున దొరికింది. లోపల గూడ వెండేనా అని కోసి చూసిండ్రు. మీరు ఊకెనే నమ్మరు గదా."

"పాడైపోయింది కదా మరి."

"పాడెందుకైతది? ఇంటికాడ కూసున్న నాణేనికి గాట్లుండవు. దాని ముచ్చట నాకెందుకు?"

తర్వాత కొన్నేళ్లకు ఆయనకు గుండె ఆపరేషన్ అన్నారు. సరిగ్గా అదే నెలలో మా కంపెనీ కొందరిని తీసేసింది, అందులో నేనూ ఉన్నాను. నెలలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం విడిచి వెళ్లాలి. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరైనా సాయం చేస్తామంటారేమోనని నా భయం.

ఆసుపత్రికి బయలుదేరే పొద్దున అంకుల్ ఒక ఆకుపచ్చ గుడ్డ, ఒక వెండి రూపాయి తెచ్చి నా ముందు పెట్టారు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి. పెట్టెలో దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఇమాం జామిన్. దీన్ని గుడ్డల కట్టి కుడి దండకు కట్టాలె. మీ ఆంటీ కట్టేది. ఇప్పుడు నువ్వే కట్టు."

ఇంట్లోవాళ్లు ప్రయాణం వెళుతుంటే క్షేమం కోరి అలా నాణెం కడతారట. క్షేమంగా చేరాక దాన్ని విప్పి, అవసరంలో ఉన్న మనిషికి ఇచ్చేయాలి. ఆయన మద్రాసులో ఓడ ఎక్కడానికి బయలుదేరిన రోజు వాళ్లమ్మ ఈ రూపాయే కట్టింది. అప్పటికే చెల్లని డబ్బు, కానీ వెండిదని దాచి ఉంచింది. సింగపూర్‌లో దిగాక ఆయన దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

"ఒక్కర్ని ఎరుగ ఈ ఊర్ల. అమ్మ చేతిది అదొక్కటే ఉన్నది. ఇంక చేరలే, ఇంక చేరలే అని మనసుకు చెప్పుకుంటనే ఉన్న," అన్నారు. "ఈసారి మంచిగ ఇంటికొస్తె ఇచ్చేస్త."

చొక్కా చేతి మీద ముడి వేశాను.

ఆయన మంచిగానే ఇంటికొచ్చారు. కాస్త నడవగలిగాక, నన్ను తోడు పెట్టుకుని రైలు స్టేషన్ దగ్గరికి వెళ్లారు. అక్కడ చక్రాల కుర్చీలో కూర్చుని టిష్యూ ప్యాకెట్లు అమ్ముకునే చైనీస్ పెద్దాయన ఉండేవాడు. దారిలో, దీని బదులు డబ్బులిచ్చి రూపాయి ఉంచుకోవచ్చు కదా అన్నాను. "ఇన్నేండ్లు అదే చేసిన. ఎంతిచ్చినా ఓడ దిగినట్టు కాలే," అన్నారు. పెద్దాయన చేతిలో రూపాయి పెట్టి, ఓ క్షణం వదల్లేక వదిలారు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంకుల్, దిస్ వన్ కెనాట్ యూజ్ లా," అని సింగపూర్ ఇంగ్లీషులో చెప్పి తిరిగి ఇచ్చేశాడు. పైగా పాపం అనుకున్నాడేమో, ఒక టిష్యూ ప్యాకెట్ ఊరికే ఇచ్చాడు.

దానం చేయబోయి దానం పుచ్చుకుని వచ్చిన మనిషిని చూసి నాకు నవ్వు ఆగలేదు. ఆయనా కుట్లు పట్టుకుని నవ్వారు. మా బ్లాకు కింద రాతి బల్ల దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నాం.

"నౌకరి పోయిందా?" అన్నారు ఉన్నట్టుండి.

"ఎవరు చెప్పారు?"

"ఆఫీసు ఉన్నోళ్లు రోజు మిట్టమధ్యాన్నం దవఖానకొస్తరా?" అని, రూపాయి ఉన్న చెయ్యి నా ముందుకు చాపారు. "తీస్కో."

నాకు ఒళ్లు మండింది. "నేనేమన్నా బిచ్చగత్తెనా అంకుల్?"

"టిష్యూలమ్మే ఆయన బిచ్చగాడా? అవసరమున్నోళ్లకు ఇయ్యాలె. నీకున్నది. నాకు ఇచ్చుడు రాకపాయె, నీకు తీస్కునుడు రాకపాయె."

లేచి పైకి వెళ్లిపోదామనుకున్నాను. కానీ ఆయన చెయ్యి దించలేదు. కుట్లు మానని మనిషి ఎంతసేపని చెయ్యి చాపుకుని కూర్చుంటారు? దాని కింద నా చెయ్యి పెట్టాను. రూపాయి వెచ్చగా ఉంది. ఏడుపొచ్చింది. అంకుల్ టిష్యూ ప్యాకెట్ చింపి నాకిచ్చి, బల్లకు ఆనుకున్నారు.

"ఇగ చేరిన బేటా," అన్నారు.

ఆ సాయంత్రమే పాత మేనేజరుకు ఫోన్ చేసి, ఉద్యోగం పోయింది, సాయం చేయండి అని అడిగాను. ఆయన మాట సాయంతోనే గడువు లోపల ఇంకో చోట కుదురుకున్నాను. అంతవరకు అద్దె ఇవ్వలేనని అంకుల్‌కు చెప్పాను. బిర్యానీ తిన్నాను, గిన్నె ఖాళీగానే తిరిగిచ్చాను.

రూపాయిని ఒక్కసారైనా చూపించమని ఆయన నన్నడగలేదు. ఒక ఆదివారం నాణేలు చూడటానికి వచ్చిన మిత్రుడు, హైదరాబాదోడివి, నీ దగ్గర నిజాం రూపాయి లేకపోవడమేమిటని వేళాకోళం చేశాడు. నేను పక్కనే ఉన్నాను. అంకుల్ నా వైపు చూడనైనా చూడలేదు. "నా తాన లేదు," అని స్పెయిన్ డాలరు తీసి అతని చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆయన లేరు. పెట్టె జురాంగ్ వెస్ట్‌లో ఉండే ఆయన తమ్ముడి కొడుక్కి వెళ్లింది. రూపాయిని ఓసారి నాణేల దుకాణంలో చూపిస్తే, కొట్టతను ఇవి బోలెడున్నాయి, రెండు ప్లేట్ల చికెన్ రైస్‌కు సరిపోతుందన్నాడు. తెచ్చి బీరువాలో పెట్టుకున్నాను.

వద్దు అనే మాట ఇప్పటికీ నాకు అన్నిటికంటే ముందు నోట్లోకి వస్తుంది. ఈ ఉదయం కాఫీ కొట్టు దగ్గరా వచ్చింది. ఆవిడ ఇరవై సెంట్లు పట్టుకుని చెయ్యి చాపి నిలబడి ఉంది. ఎంతసేపని నిలబడుతుంది? ఆ చేతి కింద నా చెయ్యి పెట్టాను.