తలనొప్పి అని చెప్పి వచ్చాను

నలభై మంది పిల్లల ముందు రోజంతా గొంతు చించుకునే మనిషిని. డాక్టరు ఎదుట నిలబడితే మాత్రం నాకు నోరు పెగిలేది కాదు. ఈ మాట చెబితే మా బడిలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

అది ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. నిజాం పాలన పోయిన కొత్తలో నాకు పదేళ్ళుంటాయి. మాది బంట్వారం దగ్గర చిన్న ఊరు. మా నాయిన పటేలు పొలాల్లో కూలి చేసేవాడు. పొలం ఈ చివర నుంచి కేకేస్తే ఆ చివర ఎద్దులు చెవులు రిక్కించేవి, అంత పెద్ద గొంతు ఆయనది. ఆ ఏడాది నా తొడ మీద గడ్డ లేచింది. ఆకు పసర్లతో పది రోజులు చూశారు. జ్వరం మొదలయ్యాక నన్ను బండిలో పడుకోబెట్టి వికారాబాద్ తీసుకుపోయారు. అక్కడ బజారులో ఒక డాక్టరు ఉండేవాడు. ఆయనకు ఉర్దూ తప్ప పెద్దగా తెలుగు రాదు. మా నాయినకు తెలుగు తప్ప వేరే రాదు.

గుమ్మంలోనే నాయిన భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. ఎన్ని రోజులైందని డాక్టరు ఉర్దూలో అడిగితే అర్థం కాక తల ఊపాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ ఊపాడు. డాక్టరుకు కోపం వచ్చి, వచ్చీరాని తెలుగులో, "నువ్ మనిషివా, జానవర్‌వా? పిల్ల చచ్చినంక తెస్తవా?" అని అరిచాడు. మా నాయిన చేతులు జోడించి, "తప్పైంది దొరా, తప్పైంది" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాయినది కాదనిపించింది. డాక్టరు నా వైపు తిరిగి, "నువ్ జెప్పు, ఎక్కడ నొప్పి?" అన్నాడు. గడ్డ ఎక్కడుందో నాకు తెలుసు. కానీ నోరు తెరవలేకపోయాను. కోసేటప్పుడు కూడా ఏడుపు బయటికి రాలేదు. వరండాలో కూర్చున్నవాళ్ళంతా తొంగి చూస్తున్నారు.

తిరుగు దారిలో బండి మా ఊరి పొలిమేర చేరాక నాయిన, "దొర తిట్టిండని ఇంట్ల చెప్పకు బిడ్డా" అన్నాడు. నేను చెప్పలేదు. గడ్డ మానింది. మచ్చ ఇప్పటికీ ఉంది.

తర్వాత చదువుకున్నాను. ట్రైనింగు అయింది. కొత్త రాష్ట్రం ఏర్పడిన రెండు మూడేళ్ళకు తాండూరులో ఉద్యోగం వచ్చింది. స్టేషనుకు కొంచెం దూరంలో, బండల కొట్టాల వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దుటి నుంచీ రాళ్ళు చెక్కే చప్పుడు, తెల్లటి దుమ్ము. ఇంటిగలామె గొల్ల ముసలమ్మ. దోమ అనే ఊరి దగ్గరి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. భర్త, కొడుకు గొర్రెలతో ఏడాదిలో సగం రోజులు బయటే ఉండేవాళ్ళు. ఆమె నాలుగు బర్రెలు పెట్టుకుని పాలు పోసేది. ఆమెను నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను ఒకసారి బిడ్డా అనేది, ఒకసారి పంతులమ్మా అనేది. ఆమెకు భయమనేది తెలియదనుకునేదాన్ని. పప్పు మిల్లు సేటుతోనైనా, స్టేషన్ మాస్టరుతోనైనా, కన్నడం మాట్లాడే బేరగాళ్ళతోనైనా నడుం మీద చెయ్యి వేసుకుని మాట్లాడేది.

నాకు ఇరవై మూడో ఏట ఒంట్లో బాగుండకుండా అయింది. నెలసరి వస్తే ఏడెనిమిది రోజులు ఆగేది కాదు. బోర్డు మీద అక్షరాలు రాస్తూ రాస్తూ గోడ పట్టుకునేదాన్ని. రెండు మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రం ఇంటికొస్తే వంట చేసుకునే ఓపిక ఉండేది కాదు. ఊళ్ళో డాక్టరు దగ్గరికి పోతే రేపు బడి ముందు ఎదురుపడతాడు కదా అని, వికారాబాద్ సర్కారు దవాఖానకు పోదామనుకున్నాను.

మొదటిసారి సెలవు పెట్టి పొద్దుటి ప్యాసింజర్ ఎక్కాను. దారంతా ఏం చెప్పాలో పాఠంలా అనుకుంటూ పోయాను. ధారూరు దాటేసరికి కంఠతా వచ్చింది. దవాఖాన వరండాలో లైనులో నిలబడ్డాను. నా ముందు ఇద్దరున్నారనగా అరచేతులు తడిసిపోయి చీటీ మెత్తబడింది. వెనకున్నామె చంకలో పిల్లవాడు ఏడుస్తున్నాడు. "నువ్వు పో అక్కా" అని ఆమెకు దారిచ్చాను. ఆమె తర్వాత ఇంకొకామెకిచ్చాను. అలా ఇస్తూ ఇస్తూ లైను చివరికి చేరి, అక్కడి నుంచి గేటు దగ్గరికి, గేటు దగ్గరి నుంచి స్టేషనుకు వచ్చేశాను.

రెండోసారి గదిలోకి వెళ్ళగలిగాను. డాక్టరు మగవాడు, మర్యాదస్థుడే. కోస్తా వైపు ఆయన కాబోలు. "చెప్పండమ్మా, ఏమిటి మీ బాధ?" అన్నాడు. పక్కన కంపౌండరు, తలుపులో ఇద్దరు ముగ్గురు. కంఠతా పట్టిన పాఠం ఒక్క ముక్క గుర్తు రాలేదు. "తలనొప్పి" అన్నాను. తలనొప్పి మాత్రలు ఇచ్చాడు. ఆ పొట్లం పట్టుకుని రైల్లో కూర్చుంటే నిజంగానే తల నొప్పి పుట్టింది.

ఇంటికొచ్చి గడపలో కూలబడితే పెద్దమ్మ చూసింది. బతిమాలి బతిమాలి విషయం లాగింది. "గింతేనా? నేనొస్త పా. నేను జెప్త" అంది. మూడోసారి ఆమెతో పోయాను. రైల్లో చోటు ఉన్నా ఆమె కూర్చోలేదు, కిటికీ కమ్మి పట్టుకుని నిలబడే ఉంది. నాకు నా గోలే సరిపోయింది, ఎందుకని అడగలేదు.

వరండాలో మా వంతు రాకముందే కంపౌండరు చీటీ రాస్తూ, "ఏం రోగం?" అన్నాడు. నేను నేలచూపులు చూశాను. పెద్దమ్మ బర్రెను అదిలించే గొంతుతో, "గీ పిల్లకు నెలనెల మస్తు పోతది సారూ! ఎనిమిది దినాలు ఆగది. పెండ్లి గాని పిల్ల, పంతులమ్మ, జర మంచిగ సూడున్రి!" అంది. వరండా అంతా తిరిగి చూసింది. బీడీ తాగుతున్న ముసలాయన కూడా బీడీ నోట్లోంచి తీసి చూశాడు. నేను చీటీ అక్కడే పడేసి నడిచాను. నడక కాదు, పరుగే.

స్టేషనులో బెంచీ మీద కూర్చుని ఉంటే ఆమె రొప్పుతూ వచ్చింది. "గట్లెందుకు ఉరికినవ్? నేనేం అబద్ధమాడిన్నా?" అంది.

"అబద్ధం గాదు పెద్దమ్మా. గంత మంది ముందల జెప్తవా?"

"మరి నువ్వు జెప్పవైతివి గదా!"

ఆ తర్వాత పది పన్నెండు రోజులు ఇద్దరం ముక్తసరిగా ఉన్నాం. పాలు గడప దగ్గర పెట్టి పోయేది. బడిలో ఎవరికీ తెలియకపోయినా అందరికీ తెలిసిపోయినట్టు తల వంచుకుని తిరిగాను. ఇక ఏ దవాఖానా వద్దు, ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు నడుస్తుందని అనుకున్నాను. దాదాపు ఏడాది అలాగే నడిచింది. అలసట అలవాటైపోయింది.

మరుసటి ఎండాకాలం, ఒక ఆదివారం పొద్దున కొట్టంలోంచి మూలుగు వినబడింది. వెళ్ళి చూస్తే పెద్దమ్మ బర్రె పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. పాల చెంబు పక్కకు ఒరిగి పాలన్నీ పేడలో కలిశాయి. "ఏమైంది పెద్దమ్మా?" అంటే, "ఏం లేదు, నడుం పట్టింది" అంది. లేపబోతే నా చెయ్యి తోసేసింది. మొహం నిండా చెమట. కాసేపటికి కొట్టం తలుపు దగ్గరికి వెయ్యమంది. వేశాను.

అప్పుడు చెప్పింది. ఆఖరి కాన్పు తర్వాత వారం కాకుండానే గడ్డి మోపులు ఎత్తిందట. అప్పటి నుంచి గర్భసంచి కిందికి జారుతోంది. మొదట్లో బరువెత్తినప్పుడే, తర్వాత నడిచినా, నిలబడినా. పాత చీర ముక్కలు మడతలు పెట్టి బిగించి కట్టుకుని తిరుగుతోంది. ఇప్పుడు పుండు పడింది. పద్దెనిమిదేళ్ళు. భర్తకు తెలియదు, తోడబుట్టినవాళ్ళకు తెలియదు. కూర్చుంటే బాధ కనుక రైల్లో నిలబడే వచ్చింది. ఆ మడతల మీదనే నా కోసం వికారాబాద్ దాకా వచ్చి పోయింది.

"దవాఖానకు పోదాం పా" అన్నాను.

"వద్దు బిడ్డా. గిది ఎట్ల జెప్తం? ఏ నోటితోని జెప్తం?" అని నా చెయ్యి పట్టుకుంది. ఊరందరి నోళ్ళు మూయించే మనిషి.

వికారాబాద్ దవాఖానకు ఈ మధ్య ఒక లేడీ డాక్టరు వచ్చిందని బడిలో ఎవరో అనగా విన్నాను. మర్నాడు సెలవు పెట్టాను. రైలు పెట్టెలో నేల మీద దుప్పటి పరిచి ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఈసారి నేను ఏమీ కంఠతా పట్టలేదు. పట్టినా నిలవదని తెలుసు. స్టేషనులో దిగాక మాత్రం ఒకసారి వాంతి అయింది. పెద్దమ్మే నా వీపు నిమిరింది.

కంపౌండరు, "ఏం రోగం?" అన్నాడు. "ఆడవాళ్ళది. లోపల డాక్టరమ్మకు చెప్తాం" అన్నాను. అంతే, రాసుకున్నాడు. ఇంత చిన్న మాట ఏడాది కింద నాకెందుకు తోచలేదో.

లేడీ డాక్టరు నడివయసు మనిషి. కళ్ళ కింద నలుపు, కొప్పు సగం ఊడిపోయి ఉంది. ఆ పొద్దుట్నుంచి ఎంతమందిని చూసిందో, మమ్మల్ని చూసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. "చెప్పమ్మా" అంది పెద్దమ్మతో.

పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మోకాళ్ళ నొప్పులమ్మా" అంది.

డాక్టరమ్మ కలం తీసి రాయబోయింది. నేను పెద్దమ్మ మొహం చూశాను. ఆ రాత పూర్తయితే మాత్రల పొట్లం వస్తుంది, మేం రైలెక్కి తిరిగి పోతాం, ఆమె మళ్ళీ చీర ముక్కలు మడత పెట్టుకుంటుంది. "కాదండీ" అన్నాను. నా గొంతు బడిలో వెనక బెంచీకి వినబడే గొంతు. మరీ గట్టిగా వచ్చింది. తగ్గించుకోవడం చేతకాలేదు. "ఈమెకు పద్దెనిమిదేళ్ళుగా గర్భసంచి జారుతోంది. ఇప్పుడు పుండు పడింది. ఎవరికీ చెప్పలేదు" అన్నాను. బల్ల అంచు పట్టుకున్నాను.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. తిడుతుందని, ఇన్నేళ్ళు ఏం చేశావని అడుగుతుందనుకున్నాను. ఆమె లేచి తలుపు మూసి, కర్టెన్ లాగి, "రా అమ్మా, ఇలా పడుకో" అంది. పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు. నేను కర్టెన్ లోపలే గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

పది రోజులు అక్కడే ఉంచి పుండు మాన్పారు. తర్వాత లోపల రబ్బరు రింగు అమర్చారు. ఆపరేషను కావాలంటే హైదరాబాద్ పోవాలన్నారు, పెద్దమ్మ ససేమిరా అంది. మూడు నెలలకోసారి వచ్చి రింగు మార్పించుకుంటే చాలని ఒప్పించారు. రింగు పెట్టిన రోజు ఆమె వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడిచింది. "ఖాళీగున్నది బిడ్డా. కింద బరువు లేదు" అని చిన్నగా అంది. ఆ రోజు రైల్లో కూర్చుని వచ్చింది.

ఆ రోజు మమ్మల్ని ఇంటికి పంపేటప్పుడే డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసింది. "నీకు రక్తమే లేదు. నీ సంగతేమిటి?"

"నాకేం లేదండీ" అన్నాను. ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. పెద్దమ్మ పక్కనే ఉంది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. నా తరఫున ఒక్క మాట కూడా అనలేదు. అందుకు ఆమె ఎంత ఉగ్గబట్టుకుని ఉంటుందో నాకు తెలుసు.

మూడు నెలల తర్వాత రింగు మార్పించడానికి పోయాం. పెద్దమ్మ పని అయిపోయింది. "నేను బయట కూసుంట" అని తలుపు దగ్గరికేసి పోయింది. గదిలో డాక్టరమ్మ, నేను. ఆమె ఏమీ అడగలేదు, నా వైపు చూడనూ లేదు, చేతులు కడుక్కుంటోంది. నీళ్ళ చప్పుడు వస్తుండగా ఆమె వీపుతోనే చెప్పాను. ముక్కలు ముక్కలుగా, వెనకది ముందు, ముందుది వెనక. మూడు వాక్యాలు పట్టే సంగతికి చాలాసేపు పట్టింది. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, అయినా నేను చెప్పడం ముగించేదాకా ఆమె కుళాయి కట్టెయ్యలేదు.

మాత్రలు, ఇంజక్షన్లు ఆరేడు నెలలు సాగాయి. క్రమంగా నెలసరి దారికొచ్చింది. గోడ పట్టుకోకుండా బోర్డు మీద రాయగలిగాను. పెద్దమ్మ రింగు మార్పించుకుంటూనే తర్వాత చాలా ఏళ్ళు బర్రెలు మేపింది.

దాంతో నాకు భయం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఆ తర్వాత కూడా ప్రతిసారీ అరచేతులు తడిసేవి, ముందు రోజు అన్నం సయించేది కాదు. పెద్దమ్మ ఎవరితో ఏమందో కానీ, పాలు పోయించుకునే ఆడవాళ్ళు ఒకరొకరుగా వచ్చి, "పంతులమ్మా, జర మాతోని దవాఖానకొస్తవా?" అని అడిగేవాళ్ళు. కాదనలేక పోయేదాన్ని. వాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుంటే నేను చెప్పేదాన్ని. ఇంటికొచ్చాక కాళ్ళు కూడా కడుక్కోకుండా చాప మీద పడిపోయేదాన్ని. ఎండలో రోజంతా కలుపు తీసినా అంత అలసట ఉండదు. పెద్దమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "చెప్పినవా?" అనేది. "చెప్పిన" అనేదాన్ని. ఆమె ఇంకేమీ అడగకుండా పొయ్యి రాజేసి, నాకు కూడా గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేది.