బోరింగు ఉన్న కిరాయిల్లు

కోరుట్ల నుంచి సిరిసిల్లకు కోడలిగా వచ్చినప్పుడు మా కిరాయిల్లు చూసి, ఇంత సులువుగా ఎట్లా దొరికిందా అనుకున్నాను. పక్కనే సాంచెల షెడ్డు. పొద్దంతా ఆ మరమగ్గాల చప్పుడుకు గోడలు అదిరేవి. మొహం దగ్గర మొహం పెట్టి అరిస్తే తప్ప మాట వినపడేది కాదు. ఎవరికీ అక్కర్లేని ఇల్లు కాబట్టే, గోడకవతలే ఉండే ఇంటాయన కిరాయి తీసుకోవడం తప్ప మా జోలికి వచ్చేవాడు కాదు.

నా బిడ్డకు ఏడాది నిండిన ఎండాకాలం ఊళ్లో గత్తర లేచింది. వాంతులు, విరేచనాలతో మనుషులు పడిపోతుంటే, చేదబావి నీళ్ల వల్లేనని దవాఖానాలో చెప్పారు. దాంతో బావి గల్లీలో గాలీ వెలుతురూ ఉన్న మంచి ఇళ్లకు తాళాలు పడ్డాయి. కిరాయి తగ్గిస్తామన్నా అటు తొంగిచూసేవాళ్లు లేరు. ఇల్లు వెతుక్కునేవాళ్లు గదులు చూడటమే మానేశారు. నేరుగా వాకిట్లోకొచ్చి బోరింగు కొట్టి, దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూసేవాళ్లు. భయపడుతూనే నేను కిటికీలోంచి ఈ తమాషా చూసేదాన్ని.

ఎందుకంటే బోరింగు మా వాకిట్లోనే ఉంది.

చందుర్తి దిక్కు నుంచి అన్నలకు, అదే నక్సలైట్లకు, భయపడి వచ్చిన ఒక పటేలు కుటుంబం మా ఇల్లు చూసిపోయింది. చప్పుడు సంగతి అడగనే లేదు. మర్నాడే ఇంటాయన వచ్చాడు.

"వారంల ఖాళీ జేయుండ్రి."

ఖాళీ చేస్తే మాకు దొరికేది బావి గల్లీయే. అప్పుడప్పుడే పాలు మాని నీళ్లకు అలవాటు పడుతున్న బిడ్డను ఎత్తుకుని అక్కడికి ఎట్లా పోవాలి? మా అత్త ఎటో పోయి, వేపమండలతో వచ్చి దర్వాజకు కట్టింది. తల్లి పోసిన ఇంటికి, అదే అమ్మవారు వచ్చిన ఇంటికి కట్టినట్టే.

"ఎవలకు పోసింది అత్తా?" అన్నాను.

"నీకేనే. లోపటికి పోయి పండుకో."

మండ పని చేసింది. పటేలు మనుషులు గల్లీ మొదట్లోనే వెనుదిరిగారు. ఇంటాయన గడప ముందు గొంతెత్తడానికి కూడా జంకాడు. జబ్బు లేకుండా పడుకోవడం ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాంచెలు ఆగాయి. పొయ్యి దగ్గరున్న మా అత్త చేతి అలవాటు కొద్దీ కాగిన నూనెలో ఎల్లిగడ్డ వేసి పప్పుకు పోపు పెట్టింది. తల్లి ఉన్నన్నాళ్లు ఇంట్లో పోపు పెట్టకూడదు. ఆ ఘాటు గోడ దాటింది. కాసేపటికి ఇంటాయన భార్య పసుపు నీళ్ల చెంబుతో గడపలో నిలబడింది.

"తల్లున్న ఇంట్ల పోపేంది వదినె?" అంది, మెల్లగా.

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. నేను దుప్పటి మీదికి లాక్కున్నాను. ఆమె ఉయ్యాలలోని బిడ్డ వైపు చాలాసేపు చూసింది. తర్వాత చెంబులో నీళ్లు గడప మీద పోస్తూ, పక్కింట్లో ఉన్న మొగుడికి వినపడేట్టు, "సల్లగ జూడు తల్లీ" అని గట్టిగా మొక్కింది.

వంగి మళ్లీ గొంతు తగ్గించింది. "ఇంగ చప్పిడే తినుండ్రి. ఈ పిల్లకు తగ్గితే దీని మొగనికి పోసిందనుండ్రి. వానలు వడేదాక మండ ఇప్పకుండ్రి."

నా నోరు ఊరుకోదు. దుప్పటి తీసి ఆమెను అడిగేశాను. "పటేలోళ్లకిస్తే కిరాయి ఎక్కువస్తది గదా, మమ్ముల ఎందుకు కాపాడుతున్నరు అత్తమ్మా?"

"బావి గల్లీల మా చెల్లె ఉండె బిడ్డా" అంది.

ఉన్నది అనలేదు. నాకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. ఆమె ఖాళీ చెంబు బోరింగు కింద పెట్టి, నిండా కొట్టి, మా గడప లోపల ఉంచి వెళ్లింది.