మూడు మాట్లు కాలిన మోటరు

2024 ఎండాకాలం. బెంగుళూరులో నీళ్ళ ట్యాంకరు వీధిలోకొస్తే పెళ్ళికొడుకు కారొచ్చినట్టు జనం ఎదురు పరిగెత్తిన ఏడాది అది. ఆనేకల్ రోడ్డులో నాకొక చిన్న వర్క్‌షాపు ఉండాది. బోరుబావి మోటర్లు దించేది, ఎత్తేది, కాలిపోయినవాటికి మళ్ళీ తీగ చుట్టేది నా పని. పేరు శ్రీనివాసులు. ఆ పేరు నా ఆధార్ కార్డుకి తప్ప ఇంకెవరికీ తెలీదు. తెలుగోళ్ళకి మోటర్ సీనప్ప, కన్నడమోళ్ళకి పంపు సీనప్ప. ఆ ఎండాకాలంలో అన్నం ముందర కూచుంటే చాలు, ఎవరిదో ఒకరి బోరు మొండికేసి నా ఫోను మోగేది.

ఒకరోజు మునిరత్నమ్మ ఫోను చేసింది. ఆనేకల్ దాటినాక ఆమెకు నారు నర్సరీ ఉండాది. ప్లాస్టిక్ ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, టమోటా, మిరప, వంగ విత్తనాలు పెట్టి, పచ్చ వల పందిరి కింద పెంచి చుట్టుపక్కల రైతులకిస్తాది. ట్రేలో ఒక్కో మొక్కకి వేలు పట్టేంత గుంత. పొద్దున తడిపిన పొట్టు మధ్యానానికి ఆరిపోతాది. ఆ ఎండలకి ఒక పూట నీళ్ళు లేకుంటే నారు తల వాల్చేస్తాది, ఇంకో పూట కూడా లేకుంటే మళ్ళీ లేవదు.

"అన్నా, మోటర్ మళ్ళా కాలిపాయె," అనింది.

"మళ్ళానా?" అని నేను కుర్చీలోనుంచి లేచేసినా. ఒకే సీజన్లో అది మూడోమాటు. మొదటిసారి వైండింగు చుట్టించి దించినా. రెండోసారి కరెంటు ఓల్టేజీ సరిగ్గా లేదని దాని మింద నెట్టి, మళ్ళీ చుట్టించి దించినా. ఇప్పుడు ఎవరి మింద నెట్టాలో నాకే తోచలేదు.

"ఊళ్ళో అందురూ బోరు ఎండిపోయిందంటావుండారు," అనింది మునిరత్నమ్మ. "అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళు చూసే ఆయన కూడా వచ్చి చూసినాడు. దీంట్లో ఇంక నీళ్ళు లేవు, కొత్త బోరు వేసుకోమని చెప్పి పోయినాడు. కొత్త బోరు నావల్ల కాదన్నా. ఇంకొక మాటు కాలితే నర్సరీ మూసేస్తా. వల విప్పేసి స్థలం గోడౌనోళ్ళకి బాడుగకిచ్చేస్తా."

ఆమె మొగుడు లారీ తోల్తాడు, వారానికొక మాటు ఇంటి మొకం చూస్తాడు. ఆ పందిరి ఆమె ఒక్కతే నిలబెట్టుకునింది. వల కింద ఒక్కో ట్రేని చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పెట్టడం నేను నా కండ్లారా చూసినా. నాకు బాధేసింది. దాంతోపాటు కొంచెం రోషం కూడా వచ్చింది. సీనప్ప దించిన మోటరు మూడు మాట్లు కాలిందని ఊరంతా చెప్పుకుంటే ఇంక నా మొకం ఎక్కడ పెట్టుకోవాల?

నేనూ, నా జతలో పనిచేసే బాబ్జానూ బండేసుకుని పోయినాము. పందిరి పక్కనే ఇల్లు, ఇంటి ముందర సిమెంటు తొట్టి. బోరు నీళ్ళు ఆ తొట్టిలో పడతాయి. తొట్టికి అవతల, కేక వేస్తే వినపడేంత దూరంలో, రేకుల షెడ్డులో మోటరు ఆన్ చేసే స్టార్టరు పెట్టె. అరుగు మింద మునిరత్నమ్మ అత్త చిన్నక్కవ్వ కూచోనుండాది. ఆకువక్కతో దవడ ఒకపక్క ఉబ్బుంటే, నన్ను చూడగానే ఇంకోపక్క కూడా ఉబ్బింది.

"రారా అప్పా, రా! నీ చెయ్యి ఏం చెయ్యో గానీ, పెట్టిన మోటరల్లా కాలిపోతావుండాది!"

"మోటర్ని నేను ఆశీర్వాదం చేసి దించలేదవ్వా, నట్లు బిగించి దించినా," అన్నాను.

పైపులు ఒక్కొక్కటే ఎత్తి మోటరు బయటికి తీసినాము. ఇక్కడ కొంచెం మా పని సంగతి చెప్పాల. బోరులో ఉండేది సబ్‌మర్సిబుల్ మోటరు, అంటే నీళ్ళల్లో మునిగి పనిచేసేది. చుట్టూ ఉండే నీళ్ళే దాన్ని చల్లగా పెడతాయి. నీళ్ళు దాని కిందికి దిగిపోతే ఉత్తదే తిరిగి వేడెక్కుతాది. దాన్ని డ్రై రన్ అంటాము. అట్లా తిరగకుండా స్టార్టరు పెట్టెలో ఒక కాపలా పరికరముంటాది, అది టక్కుమని కరెంటు తెంపేస్తాది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. బోరులోకి ఊట మళ్ళీ వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు.

మోటరు విప్పి చూసినా. లోపల తీగంతా నల్లగా మాడిపోయుండాది. మూడు ఫేజుల తీగలూ ఒకేమాదిరి మాడినాయి. కరెంటులో ఒక ఫేజు పోయుంటే ఒకపక్క మాడి ఒకపక్క బాగుండేది. అంటే కరెంటు తప్పు కాదు. పైకి తీసిన పైపుల్ని చూస్తే కింది పైపులు చాలాదూరం తడిగానే ఉండాయి. అంటే బోరులో నీళ్ళుండాయి! నీళ్ళుండాయి, కరెంటు సరిగ్గా ఉండాది, మరి మోటరు ఎందుకు మాడింది? ఆగిన మోటర్ని ఎవరో మళ్ళీ మళ్ళీ ఆన్ చేస్తే ఇట్లా మాడతాది. ప్రతిసారీ మొదలయ్యేటప్పుడు అది గుటగుటా కరెంటు తాగుతాది, చల్లారేదానికి టైముండదు.

"స్టార్టరు దగ్గర ఎవురుంటారు?" అని అడిగినా.

"సురేన్ ఉంటాడన్నా," అనింది మునిరత్నమ్మ. సురేన్ జార్ఖండ్ మనిషి, మీసాలు మెలేసుకునే గట్టి మనిషి. నర్సరీలో చేరి నాలుగు నెలలైంది. "చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. త్రీ ఫేజ్ కరెంటు పగలు కాసేపే ఇస్తారు కదా, అంతసేపూ ఆ షెడ్డు వదిలి కదలడు."

"వాడు నా మాట చెవిన పెట్టడప్పా," అని అవ్వ అరుగు మిందినుంచి అందుకునింది. "నీళ్ళు ఆగిపోతే ముట్టుకోవద్దని మొదట్లోనే నువ్వే చెప్పి పోతివి గదా? నేను గొంతు చించుకుని చెప్తానే ఉండాను. ఎంత చెప్తే అంత చేస్తాడు!"

ఆ చివరి మాట నాకప్పుడు అర్థం కాలేదు.

బండిలో తెచ్చిన ఇంకో మోటరు దించినాము. ఈసారి మాత్రం నేను బండెక్కలేదు. "బాబ్జాన్, ఇది కాలేది నా కండ్లతో చూసిపోదాము," అన్నాను. "కాలేది చూసేదానికి ఎవరన్నా కూచుంటారా సీనన్నా?" అని వాడు నవ్వినాడు. మునిరత్నమ్మ సంగటి, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచిన బస్సారు పెట్టింది. తొట్టి పక్కన నీడలో కూచుని తింటావుండాము. పైపులో నీళ్ళు జోరుగా పడతావుండాయి. ఆ శబ్దం వింటే మా పనోళ్ళకి పాట విన్నట్టుంటాది.

కాసేపటికి నీళ్ళు సన్నబడినాయి. పైపు బుడబుడమనింది. ఆగిపోయింది. షెడ్డులో టక్కుమని స్టార్టరు కరెంటు తెంపేసింది. ఇంతవరకూ అంతా సరిగ్గానే ఉండాది. ఎండాకాలం, ఊట తగ్గింది, కాపలా పరికరం దాని పని అది చేసింది. అప్పుడు అవ్వ అరుగు మింద లేచి నిలబడింది. దవడ నిండా ఆకువక్క. చెయ్యి ఊపుతా షెడ్డు తట్టు తిరిగి కేక పెట్టింది.

"ఒత్తు! ఒత్తురా! ఒత్తూ!"

నా చెవికి అట్లానే వినపడింది. నోట్లో సంగటి ముద్ద నోట్లోనే ఆగిపోయింది. సురేన్ పచ్చ బటన్ ఒత్తినాడు. మోటరు ఊఁ అని మూలిగి ఆగింది. అవ్వకి కోపమొచ్చింది. ఇంకా గట్టిగా "ఒత్తు ఒత్తు ఒత్తు!" సురేన్ ఇంకోమాటు ఒత్తినాడు. ఇంకోమాటు ఒత్తినాడు. ఎంగిలి చేత్తోనే షెడ్డులోకి పరిగెత్తి మెయిన్ స్విచ్చి లాగేసినా. చెప్పులు ఎక్కడ పడిపోయినాయో ఆ దేవుడికే తెలియాల.

"అవ్వా, నీకేమన్నా బుద్ధుండాదా?" అని అరుగు దగ్గరికొచ్చి అరిచినా. పెద్దామె అని కూడా చూడలేదు. "ముట్టుకోకూడదని నీకు చెప్పిపోతే నువ్వే ఒత్తు ఒత్తు అని ఒత్తిస్తావా?"

అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. పక్కకి తిరిగి ఆకువక్కంతా తుపుక్కున ఉమ్మేసింది. నోరు తుడుచుకునింది. అప్పుడు చెప్పింది, గుండ్రంగా, స్పష్టంగా.

"ఒద్దు! ఒద్దు అంటావుండానప్పా నేను! ఒ-ద్దు!"

నేను నా ఎనకే వచ్చిన సురేన్ తట్టు తిరిగినా. నాకొచ్చిన హిందీలో "ఎందుకు ఒత్తినావు?" అని అడిగినా. పాపం, వాడికి ఏం తప్పు జరిగిందో తెలీక చేతులు కట్టుకుని నిలబడుకోనుండాడు.

"అజ్జి బోలీ న భయ్యా! ఒత్తు ఒత్తు బోలీ!" అవ్వే కదా ఒత్తమనింది అంటాడు.

బాబ్జాన్ మెల్లగా అడిగితే మిగతాది బయటపడింది. సురేన్ ఇక్కడికి రాకముందు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను దగ్గర పనిచేసినాడంట. సూపర్‌వైజరు పొద్దస్తమానం పక్కన నిలబడి కన్నడంలో "ఒత్తు, ఒత్తు" అనేవాడంట. బటన్ నొక్కు అని. ఈ ఊళ్ళో వాడు నేర్చుకున్న మొదటి మాట అదే. ఎవురన్నా ఆ మాట కేకేస్తే వాడి వేలు బటన్ మిందికి పోతాది. అవ్వ గట్టిగా అరిస్తే, తాను సరిగ్గా ఒత్తలేదని అజ్జికి కోపమొచ్చిందనుకుని ఇంకా గట్టిగా ఒత్తేవాడంట. ఎండాకాలమంతా అవ్వ వద్దనింది, వాడు ఒత్తినాడు. వాడు మాట వినడని అవ్వ బాధ, అవ్వ మాట ఒక్కటి కూడా జవదాటలేదని వాడి గర్వం.

నవ్వు ఎవురు మొదలుపెట్టినారో తెలీదు. బాబ్జాన్ తొట్టి గోడ పట్టుకుని వంగిపోయినాడు. నాకు కండ్లల్లో నీళ్ళొచ్చేసినాయి. అవ్వ ముందర మూతి ముడుచుకునింది గానీ, "అయ్యో, నేనేనా మూడు మాట్లు మోటర్ కాల్చింది!" అని తల మింద చెయ్యి పెట్టుకుని తనే అందరికంటే ఎక్కువ నవ్వింది. సురేన్‌కి బాబ్జాన్ విడమరిచి చెప్పినాక వాడు నోరు తెరిచి అవ్వని చూసినాడు. అవ్వ కాళ్ళు పట్టుకునేదానికి వంగితే, "లేరా, నీ తప్పేముండాది, నా పండ్లు ఊడిపోయిన తప్పు," అనింది.

మునిరత్నమ్మ ఒక్కతే నవ్వలేదు. పందిరి గుంజ పట్టుకుని నిలబడి అడిగింది.

"అంటే బోరు ఎండలేదా అన్నా?"

"బోరు బాగుండాది తల్లీ. కొంచేపు నీళ్ళిస్తాది, కొంచేపు రెస్టు అడగతాది. అంతే."

అప్పుడు ఆమె అక్కడే కింద కూలబడి, కొంగు మొకానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తానే నవ్వింది. ఎన్ని రోజుల్నుంచి గుండెల్లో మోస్తావుండాదో ఆ బరువు.

ఊట కోసం కాచుకుని, పొద్దు వాలినాక మళ్ళీ ఆన్ చేస్తే నీళ్ళు ముందర ఎట్లుండెనో అట్లానే వచ్చినాయి. ఆటోమేటిక్ పెట్టె పెడదామంటే మునిరత్నమ్మ ఒప్పుకోలేదు. కరెంటు వచ్చినప్పుడల్లా దానంతటదే ఆన్ అయ్యి తొట్టి పొర్లి, కిందుండే ట్రేలు మునిగిపోతాయంట. సరే, అవ్వకి కన్నడంలో "బేడ" అనమని చెప్పినాము. బేడ అంటే వద్దు అని. అవ్వకి ఆ మాట తెలీక కాదు, పుట్టినప్పట్నుంచి కన్నడం మాట్లాడిన మనిషి. "కానీ కోపమొస్తే నాకు తెలుగే వస్తాదప్పా, నేనేం చేసేది?" అనింది. అదీ నిజమే. నేను కూడా స్పానరు కాలి మింద పడితే ఏ భాషలో తిడతానో నాకు తెలుసు. అందుకని సురేన్‌కి ఇంకొక కట్టడి పెట్టినాము. స్టార్టరు టక్కుమంటే అవ్వ ఏమన్నా అననీ, షెడ్డులోనుంచి బయటికొచ్చేయాల. వచ్చి అరుగు మింద అవ్వ పక్కన కూచోవాల.

ఆ రోజునుంచి నేను పని చేసే పద్ధతి మారింది. ముందర మోటరు దించి, ఆన్ చేసి చూపించి, బండెక్కేవాణ్ణి. ఇప్పుడు ఆ ఇంట్లో కేకలేసేదెవురు, బటన్ ఒత్తేదెవురు అని అడిగి ఇద్దర్నీ పిలిపిస్తా. నా ముందరే ఒకరు కేకేయాల, ఇంకొకరు దానికి ఏం చేస్తారో చేసి చూపించాల. యలహంకలో ఒక అపార్టుమెంటోళ్ళు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసినారు, చూడనీ. మోటరు ఆన్ చేసేది ఒక్క నిమిషంలో నేర్పించేస్తా. ఆగినప్పుడు ఊరికే ఉండేది నేర్పించాలంటేనే ఒక పూట పడతాది.

వారం పది రోజులైనాక మునిరత్నమ్మ మళ్ళీ ఫోను చేసింది. ఆమె పేరు చూస్తేనే చేతిలో స్పానరు కింద పెట్టేసి ఫోనెత్తినా.

"అన్నా, మోటర్ ఆగిపోయింది."

"అయ్యో! ఎవురన్నా ఒత్తినారా?"

"ఎవురూ ఒత్తలేదన్నా. అవ్వ అరుస్తానే ఉండాది, సురేన్ వచ్చి పక్కన కూచున్నాడు. నేనూ పోయి కూచున్నా. అందురం ఊరికే కూచోనుండాము."

"ఆనెక ఏమైంది?"

ఆమె ఫోను తొట్టి తట్టు పట్టినట్టుంది. మళ్ళీ జోరుగా నీళ్ళు పడే శబ్దం, దాని మింద ఇంకా తగ్గని అవ్వ కేకలు వినపడినాయి.