మాట విప్పిన సిస్టరమ్మ

మా ఎదురింటి సిస్టరమ్మ పోయింది. ఆమె కూతురు మా గుమ్మంలో నిలబడి ముందు హిందీలో ఏదో చెప్పింది, తర్వాత తెలుగులో "అమ్మ లేదు, అమ్మమ్మా" అంది. కార్డియాక్ అరెస్ట్ అన్నాడట డాక్టరు. అంటే ఏటో అడుగుదామని అలవాటుకొద్దీ ఎదురింటి కిటికీ వైపు తిరిగాను. ఆ మాట విప్పి చెప్పాల్సిన మనిషే ఆ మాటతో వెళ్లిపోయిందని అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఖుర్సీపార్‌లో మా వీధివాళ్లం చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చినవాళ్లం. సిస్టరమ్మది కాకినాడ వైపు. ఆస్పత్రిలో నర్సుగా చేసి, ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైన కొత్తలో రిటైరై మా ఎదురింట్లో దిగింది. అప్పట్నించి ఆస్పత్రికి వెళ్లొచ్చినవాళ్లు సొంత గడప తొక్కకముందే రిపోర్టు పట్టుకుని ఆమె వరండా ఎక్కేవారు. ముందు టీ ఇచ్చేది. తర్వాత కళ్లజోడు తుడుచుకునేది. "మందు రాసేది డాక్టరు, మాట విప్పేది నేను" అనేది. ఎవరు ఎంత బతిమాలినా ఒక్క బిళ్ల మార్చేది కాదు.

మా వీధిలో బట్టలు కుట్టే ఆమెకు ఒకసారి గడ్డ లేస్తే బయాప్సీ అన్నారు. అంటే క్యాన్సరే అనుకుని, చావేదో సొంతూళ్లోనే చస్తానని సంచి సర్దేసింది. సిస్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి, "అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తావమ్మా?" అని అడిగింది.

"మెతుకు పట్టి సూస్తాను."

"ఇదీ అంతే. ఆ గడ్డలోంచి మెతుకంత తీసి చూస్తారు."

"మరి నాది మంచి గడ్డేనా సిస్టరమ్మా?"

"చూసేదాకా నాకూ తెలీదు. తెలీంది తెలుసని చెప్పను."

ఆ జవాబుకే ఆమె నమ్మింది. మర్నాడు సిస్టరమ్మను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది.

విన్నవాళ్లు ఊరికే తలూపితే సిస్టరమ్మ ఒప్పుకునేది కాదు. "తలూపకు, చెప్పు" అనేది. విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పేదాకా కదలనిచ్చేది కాదు. నాకు ఒళ్లు మండేది.

"నేనేటి, బళ్లో పిల్లనా?" అని గయ్యిమనేదాన్ని.

"బళ్లో పిల్లయితే రెండు తగిలించి చెప్పించేదాన్ని, పిన్నిగారూ" అని నవ్వేది.

మా ఆయన ఉద్యోగమంతా ప్లాంటులో ఫర్నేసు గోడను చల్లబరిచే నీళ్ల లైన్ల దగ్గరే చేశారు. బీపీకి రోజూ బిళ్ల వేసుకునేవారు. ఒకసారి డాక్టరు చూసి నార్మల్ అన్నాడు. అంతే, బిళ్ల మానేశారు. "ముల్లు సరిగ్గా ఉన్నప్పుడు మీటరు ముట్టుకోకూడదే" అన్నారు. తిట్టాను. అన్నం పెట్టనన్నాను. వినే మనిషైతే కదా. ఒక పొద్దున్న కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి జారింది. తీద్దామంటే చెయ్యి లేవలేదు, మూతి ఒక పక్కకి పోయింది. సిస్టరమ్మే ఆటో పిలిచి మాతో వచ్చింది. దేవుడి దయ, చెయ్యి మళ్లీ స్వాధీనంలోకి వచ్చింది. ఇంకోసారి పక్షవాతం వస్తే మనిషి దక్కడని మాత్రం ఆస్పత్రిలో ఖండితంగా చెప్పారు.

అయినా ఇంటికొచ్చి మళ్లీ అదే పట్టు. "నార్మలన్నది ఆడే. ఇప్పుడు ఆడిచ్చిన బిళ్లలు నేనెందుకు మింగాలి?" అని మూతి బిగించుకుని కూర్చున్నారు. నా నోరు అక్కడ పనిచేయలేదు. సిస్టరమ్మ వచ్చి ఆయన చేతిలో బిళ్ల పెట్టి, మంచం పక్కన కుర్చీ వేసుకుంది.

"బాబాయిగారూ, ఫర్నేసు గోడ వేడి సరిగ్గా ఉందని మీరు నీళ్లు కట్టేసేవారా?"

ఆయనకు నవ్వొచ్చింది. "కట్టీస్తే ఇంకేటుంది, గోడ కాలిపోదేటి? నీళ్లు తిరగబట్టే కదమ్మా..."

చేతిలో బిళ్ల వంక చూసుకుని తలూపారు.

"తలూపకండి, చెప్పండి."

"బిళ్ల పడుతోంది కాబట్టే నార్మల్" అన్నారు మెల్లగా.

ఆ మర్నాటి నుంచి బిళ్ల వేసుకుని వరండాలోకి వెళ్లి, "సిస్టరమ్మా, నీళ్లు వదిలీసేను" అని కేకేసేవారు. ఆమె కిటికీలోంచి చెయ్యెత్తేది.

చదువుకున్న పిల్లలతో నా వాదన ఇదే. "నీకు అర్థం కాదులే, వేసుకో" అంటారు మీరు. మాకు అర్థమవుతుంది. మాకు తెలిసిన పనిలోంచి చెప్పండి, చెప్పాక మా చేత చెప్పించండి. ఆమె అలా చెప్పబట్టే, నేను ఇది రాయిస్తుంటే మా ఆయన పక్కన కూర్చుని వింటున్నారు.

ఆమెను సమాధుల తోటలో దించి వచ్చిన మర్నాడు, ఈయన ఏం చేస్తారోనని వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. బిళ్ల వేసుకున్నారు. వరండాలోకి నడిచి, ఎప్పటి గొంతుతోనే "నీళ్లు వదిలీసేనమ్మా" అన్నారు. ఎదురింటి కిటికీ మూసి ఉంది. ఆమె చెయ్యెత్తేంత సేపు ఆగి, లోపలికి వచ్చారు.